కిలోల లెక్క ఉంది, ప్రాణాల లెక్కేది?

జంషెడ్‌పూర్‌లో గంజాయి వార్త ఎప్పుడూ ఒకే మూసలో వస్తుంది. టాటానగర్ స్టేషన్‌లో దొరికిన ట్రాలీ బ్యాగులు, టేపు చుట్టిన ప్యాకెట్లు, వాటి వెనక వరసగా నిలబడ్డ సిబ్బంది, ముఖానికి గుడ్డ కప్పుకున్న నిందితులు. సరుకు ఇన్ని కిలోలు, బజారు విలువ ఇన్ని లక్షలు. ఖర్కాయి నది దాటి ఆదిత్యపూర్‌లో అడుగుపెడితే వార్త బ్రౌన్ షుగర్‌కు మారుతుంది: ఇన్ని పుడియాలు, ఇంత నగదు, ఇన్ని సెల్‌ఫోన్లు. పట్టుబడ్డ సరుకుకు గ్రాములతో సహా లెక్క ఉంటుంది. ఉండి తీరాలి కూడా. మత్తుపదార్థాల నిరోధానికి ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద శిక్ష బరువును బట్టే పడుతుంది. కిలో లోపు గంజాయికి ఒక శిక్ష, 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గని జైలు.

మరి ఆ పొట్లాలు ఎవరి చేతికి చేరాయి? ఏ వయసువాళ్లు పీలుస్తున్నారు, దేనితో కలిపి తీసుకుంటున్నారు, వాళ్లలో ఎంతమందికి ఊపిరి ఆగింది, ఎంతమంది ఆస్పత్రి గడప దాకా రాగలిగారు? ఈ ప్రశ్నలకు ఆ ఊరి వరకు ఒకచోట కూర్చిన జవాబు జనం ముందుకు రాదు. మాదకద్రవ్యాల వ్యతిరేక దినమైన జూన్ 26 వస్తే బడిపిల్లలతో ర్యాలీ తీస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు. అవి వద్దని ఎవరూ అనరు. అయితే జంషెడ్‌పూర్‌కు వాటికన్నా ముందు కావలసింది పూర్తికాలం ఈ పని మీదే కూర్చునే ఒక ప్రజారోగ్య పరిశోధకుడో పరిశోధకురాలో. గంజాయి వాడకం, మోతాదు మించిన మరణాలు, వాటిని ఆపే మార్గాలు అన్న మూడింటినీ కలిపి చూసే ఒక ఫెలోషిప్‌ను ఆ నగరం పేరునే పెట్టాలి.

ఝార్ఖండ్ ఊరి గొడవ తెలుగు పాఠకుడికి ఎందుకన్న ప్రశ్న రావచ్చు. ఉక్కు కర్మాగారంలో పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి అక్కడే మూడు నాలుగు తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు కద్మాలో, బిష్టుపూర్‌లో, టెల్కో కాలనీల్లో ఎన్నో ఉన్నాయి. బిష్టుపూర్ రామమందిరం కట్టుకున్నది ఆంధ్రులే. ఆ ఇళ్ల పిల్లలూ ఆ వీధుల్లోనే తిరుగుతారు. ఇక రెండో బంధం సరుకుది. దేశంలో గంజాయి పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చే చోటు ఆంధ్రా ఒడిశా సరిహద్దు. ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఆంధ్రప్రదేశ్ పోలీసులు మన్యంలో ఏడు వేల ఎకరాలకు పైగా తోటలు నరికి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో ఒకేరోజు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. తోటలు సరిహద్దుకు అవతలా ఉన్నాయి. మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల్లో పండింది రైలెక్కి ఉత్తరాదికి పోతుంది. ఒడిశా నుంచి పైకి వెళ్లే బళ్లకు టాటానగర్ పెద్ద మజిలీ. పండే చోటు గురించి మన పత్రికలు పుంఖానుపుంఖాలుగా రాశాయి. చేరే చోటును కూడా ఒకసారి చూడటం మన బాధ్యత.

గంజాయి, ఓవర్‌డోస్ అన్న రెండు మాటలను పక్కపక్కన పెట్టినప్పుడు శాస్త్రం చెప్పేదాన్ని ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. గంజాయి ఒక్కటే తీసుకుని ఊపిరి ఆగి చనిపోవడం దాదాపు జరగదు. నల్లమందు జాతి మత్తులు మెదడు కింది భాగంలో శ్వాసను నడిపించే కేంద్రాన్ని అణిచేస్తాయి. గంజాయిలోని టీహెచ్‌సీ పట్టుకునే గ్రాహకాలు ఆ కేంద్రంలో చాలా తక్కువ. అందుకని ఊపిరి సాగుతూనే ఉంటుంది. అంతమాత్రాన గంజాయి అమాయకమైనదని కాదు. గుండె దడదడలాడి, భయం పట్టుకుని, ఎవరో వెంటాడుతున్నారన్న భ్రమతో అత్యవసర విభాగానికి వచ్చేవాళ్లుంటారు. రోజూ తాగేవాళ్లకు మతిభ్రమణ ముప్పు మూడింతలకు పైగా ఉంటుందని, ఘాటైన రకం రోజూ తాగితే అది దాదాపు ఐదింతలని యూరప్, బ్రెజిల్ నగరాల్లో చేసి 2019లో లాన్సెట్ సైకియాట్రీ ప్రచురించిన అధ్యయనం తేల్చింది. పదిహేను పదహారేళ్ల వయసులో మొదలుపెట్టినవాళ్లకు ఆ దెబ్బ మరీ ఎక్కువ. రాత్రి షిఫ్టులో క్రేన్ నడిపేవాడు, ఇనుప ఖనిజం లారీ తోలేవాడు దమ్ము కొట్టి స్టీరింగ్ పట్టుకుంటే జరిగేది వేరే చెప్పాలా?

ప్రాణాలు తీసేది కలగలుపు. చిలుం పట్టిన కుర్రాడు చిలుం దగ్గరే ఆగిపోవచ్చు, చాలామంది ఆగిపోతారు కూడా. ఆగనివాడికి ఆదిత్యపూర్‌లో పుడియా దొరుకుతుంది. వెండిరంగు రేకు మీద బ్రౌన్ షుగర్ అనే కల్తీ హెరాయిన్ పొడి వేసి, కింద అగ్గిపుల్ల గీసి, పొగను గొట్టంతో పీలుస్తాడు. డబ్బు లేనినాడు కోడీన్ కలిసిన దగ్గు మందు సీసా, నిద్రమాత్రల అట్ట. మీద నాటు సారా. ఇవన్నీ శ్వాసను ఒకే దిక్కుకు లాగుతాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసినప్పుడు అందులో బయటపడింది ఆల్ప్రజోలం అనే నిద్రమాత్రల మందే. కల్లులో ఎంత కలిపారో తాగేవాడికి తెలియదు, పుడియాలో ఎంత అసలు సరుకుందో పీల్చేవాడికీ తెలియదు. నిన్న సరిపోయిన కొలత ఇవాళ చంపేస్తుంది. ఇటు ఝార్ఖండ్‌లోని ఖూంటీ, చత్రా అడవుల్లో దొంగచాటుగా గసగసాలు వేసి నల్లమందు గీస్తున్నారు. ఏటా పోలీసులు వేల ఎకరాల పంట తొక్కించినా సాగు ఆగడం లేదు. అంటే ముడి సరుకు కోసం జంషెడ్‌పూర్ దూరం చూడక్కర్లేని పరిస్థితి.

మోతాదు మించినవాడు ఎలా ఉంటాడో ప్రతి బస్తీలోనూ నలుగురికైనా తెలిసి ఉండాలి. పిలిస్తే పలకడు. రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా కదలడు. కనుపాప సూదిమొన అంత చిన్నదైపోతుంది. గొంతులో గురగుర శబ్దం వస్తుంది, చూసేవాళ్లు అది గురక అనుకుని పడుకోనిస్తారు. నిమిషానికి పన్నెండు పద్నాలుగు సార్లు ఆడాల్సిన ఊపిరి నాలుగైదుకు పడిపోతుంది. పెదవులు, గోళ్లు నీలం తిరుగుతాయి. ఆ తర్వాత మిగిలేది నిమిషాలే. మొహాన నీళ్లు కొట్టడం, నిమ్మరసం పోయడం, ఉప్పునీళ్లు ఇంజెక్ట్ చేయడం లాంటివి చేస్తూ ఆ నిమిషాలను పోగొట్టుకుంటారు. చేయాల్సింది 108కి ఫోన్ చేసి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదుతూ, నలోక్సోన్ ఇవ్వడం.

నలోక్సోన్ కొత్త మందేమీ కాదు. 1961లో పేటెంటు పొంది, 1971 నుంచి ఆస్పత్రుల్లో వాడుతున్నదే. నల్లమందు జాతి మత్తు పట్టుకున్న గ్రాహకాల నుంచి దాన్ని తోసేసి రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తెప్పిస్తుంది. మత్తు లేనివాడికిస్తే ఏ హానీ చేయదు. దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నర వరకే కాబట్టి రోగిని ఆస్పత్రికి చేర్చక తప్పదు. ఈ మందును ఓవర్‌డోస్ చూసే అవకాశం ఉన్న స్నేహితులకు, కుటుంబ సభ్యులకు అందుబాటులో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. అమెరికా 2023 మార్చిలో ముక్కులో కొట్టే నలోక్సోన్ స్ప్రేని చీటీ లేకుండా కొనుక్కోవచ్చని అనుమతించింది. మన దేశంలో అది చీటీ మీద ఇచ్చే ఇంజెక్షన్‌గా ఆస్పత్రుల అల్మారాల్లో ఉంటోంది. ఊపిరి ఆగేది మాత్రం పట్టాల పక్కన, పాడుబడ్డ క్వార్టర్లలో, నదీతీరం పొదల్లో. గంజాయి విషయంలో నలోక్సోన్ పనిచేయదు. కనుకనే ఎవరు దేనితో ఏది కలుపుతున్నారో తెలియడం ఇంత అవసరం.

ఇంత తెలిసినా ఎందుకు కదలిక లేదంటే, కాగితం మీద చావులే లేవు గనుక. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 నివేదికలో దేశం మొత్తం మీద డ్రగ్స్ ఓవర్‌డోస్ మరణాలు 681. అందులో పంజాబ్‌లో 144. మరోవైపు ఎయిమ్స్‌లోని జాతీయ మత్తు వ్యసన చికిత్సా కేంద్రం చేసి, 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ విడుదల చేసిన సర్వే ప్రకారం నల్లమందు జాతి మత్తుతో సమస్యల్లో పడి సాయం అవసరమైనవాళ్లు దేశంలో 77 లక్షల మంది. సూదితో ఎక్కించుకునేవాళ్లు ఎనిమిదిన్నర లక్షల మంది. ఇంతమంది ఉన్న దేశంలో ఏడాదికి 681 మరణాలేనా? వైద్యులెవరూ ఆ సంఖ్యను నమ్మలేరు.

తేడా ఎక్కడ పుడుతోందో తెలియాలంటే ఫారం 4 చూడాలి. ఆస్పత్రిలో మనిషి పోతే డాక్టరు నింపే మరణకారణ ధ్రువపత్రం అది. అందులో పైన తక్షణ కారణం రాయాలి, దాని కింద ఆ కారణానికి కారణం, అట్టడుగున అసలు కారణం. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో ఇలాంటి విషప్రభావానికి విడిగా సంకేతాలున్నాయి. హెరాయిన్‌కు టీ40.1, గంజాయికి టీ40.7. వాస్తవంలో పై గీత మీద ‘గుండె, ఊపిరి ఆగిపోవడం’ అని రాసి కింది గీతలు వదిలేసిన పత్రాలు మన దేశంలో కొల్లలు. అది కూడా డాక్టరు పత్రం ఉన్నప్పటి సంగతి. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. అనుమానాస్పద మరణమైతే పోస్టుమార్టం చేసి లోపలి అవయవాల నమూనాలు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. ఆ రిపోర్టు వచ్చేసరికి శవదహనం, కర్మకాండ అన్నీ అయిపోయి నెలలు గడిచిపోతాయి. రిపోర్టు పోలీసు ఫైల్లో చేరుతుంది. ఆరోగ్య శాఖ రిజిస్టరులో మొదట రాసిన మాటే మిగిలిపోతుంది. ఇంట్లోవాళ్లు కూడా కొడుక్కి గుండెపోటు వచ్చిందని చెప్పుకుంటారు. పాతికేళ్లవాడికి గుండెపోటేమిటని ఎవరూ అడగరు. పెళ్లి కావలసిన చెల్లెలున్న ఇంట్లో ఎవరు మాత్రం నిజం చెప్పుకోగలరు?

రిజిస్టరులో రాసిన కారణాన్ని అనుమానించి వెనక్కి వెళ్లి వెతికితే ఏం దొరుకుతుందో ఈ దేశానికి గతంలో ఒకసారి అనుభవమైంది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం గంజాయి, చరస్, భంగుల మీద భారత హెంప్ డ్రగ్స్ కమిషన్‌ను వేసింది. గంజాయి తాగి జనం పిచ్చివాళ్లవుతున్నారని లండన్ పార్లమెంటులో గోల జరుగుతున్న కాలమది. కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించింది. అంతకన్నా గొప్ప పని మరొకటి చేసింది. దేశంలోని పిచ్చాసుపత్రుల్లో 1892లో చేరినవాళ్లలో గంజాయి జాతి మత్తే కారణమని రిజిస్టర్లలో రాసి ఉన్న 222 కేసులను ఒక్కొక్కటిగా తిరగదోడింది. రోగిని తెచ్చిన పోలీసు విన్నది విన్నట్టు చెప్పిన మాటను గుమాస్తా కారణం గడిలో ఎక్కించిన సందర్భాలు బయటపడ్డాయి. చివరికి నిలబడ్డవి 98 కేసులే. అప్పుడు లేనిది ఉన్నట్టు రాశారు, ఇప్పుడు ఉన్నది లేనట్టు రాస్తున్నారు. రెండు సార్లూ జబ్బు ఒకటే, కారణం గడిని ఎవరూ పట్టించుకోకపోవడం. 1894లో ఆ కమిషన్ చేసినంత ఓపికైన పని గంజాయి మీద మన దేశంలో మళ్లీ ఎప్పుడు జరిగింది?

2019 సర్వే పెద్ద ముందడుగే. అంతకుముందు ఏడాది కాలంలో ఏదో ఒక రూపంలో గంజాయి జాతి మత్తు వాడినవాళ్లు 3.1 కోట్ల మంది అని, అందులో 72 లక్షల మందికి అది సమస్యగా మారి సాయం అవసరమైందని ఆ సర్వే వల్లనే తెలిసింది. చట్టవిరుద్ధ మత్తులకు బానిసలైన ప్రతి ఇరవై మందిలో ఒక్కరికే ఎలాంటి చికిత్సైనా అందిందని కూడా అదే చెప్పింది. అయితే అది రాష్ట్రాల స్థాయి అంచనా. ఆ సగటును తెచ్చి 13 లక్షల జనం ఉన్న జంషెడ్‌పూర్ నగర ప్రాంతానికి అంటగడితే ఏ బస్తీలో నలోక్సోన్ పెట్టాలో, ఏ ఆస్పత్రిలో మంచాలు వేయాలో తేలదు.

జంషెడ్‌పూర్‌లో ఆ లెక్క తేల్చడం మామూలు పని కాదు. ఊరి నిర్మాణమే అలాంటిది. సాక్చీ, బిష్టుపూర్, కద్మాలది నోటిఫైడ్ ఏరియా కమిటీ. సువర్ణరేఖ అవతల మాంగోది వేరే నగరపాలిక. జుగ్‌సలాయ్‌కి మరొకటి. మంచినీళ్లు, వీధిదీపాలు చాలాచోట్ల టాటా కంపెనీ అనుబంధ సంస్థవి. ఖర్కాయి దాటితే జిల్లానే మారిపోతుంది, ఆదిత్యపూర్ సరాయికేలా ఖర్సావాఁది. మాంగో కుర్రాడు ఆదిత్యపూర్‌లో కొని, సోనారిలో నది ఒడ్డున పీల్చి, స్పృహ తప్పితే ఎంజీఎం ఆస్పత్రికి చేరవచ్చు. కొన్నది ఒక జిల్లా ఎస్పీ పరిధి, పడిపోయింది మరొకరి పరిధి. తండ్రి కంపెనీలో పర్మనెంటు ఉద్యోగి అయితే టాటా మెయిన్ హాస్పిటల్‌కు, ఈఎస్‌ఐ కార్డుంటే ఆదిత్యపూర్ ఈఎస్‌ఐ ఆస్పత్రికి, కాంట్రాక్టు కూలీ అయితే ప్రభుత్వాస్పత్రికి. ఒక్క ఊళ్లో ఒక్క జబ్బు అరడజను రిజిస్టర్లలో చెల్లాచెదురై ఉంటుంది. పోలీసుల ఫైలు, ఆస్పత్రి ఫైలు, జనన మరణాల రిజిస్టరు ఒకదాన్నొకటి ఎన్నడూ చూసుకోవు. ఈ నదులు దాటుకుంటూ, ఈ గడపలన్నీ ఎక్కి దిగుతూ ఆ కాగితాలను ఒకచోట చేర్చడమే ఫెలో చేయాల్సిన మొదటి పని. ఏ ఆఫీసులోని ఉద్యోగీ తన పనితో పాటు ఇది చేయలేడు.

రెండో పని జైలు గేటు దగ్గర. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఓవర్‌డోస్ మరణాల్లో దీని వాటా పెద్దది. కొన్ని నెలలు మత్తు లేకుండా ఉన్న ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదు. బయటికొచ్చినవాడు మాత్రం పాత కొలతే వేసుకుంటాడు. వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి విడుదలైనవాళ్లను గమనించి 2007లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, విడుదలైన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు. జంషెడ్‌పూర్ శివార్లలో ఘాఘీడీహ్ సెంట్రల్ జైలు ఉంది. మత్తు కేసుల్లో పట్టుబడ్డవాళ్లు బెయిలు మీద బయటికొచ్చే ఆ రెండు వారాలు ఏమవుతున్నారో ఎవరైనా చూస్తున్నారా? డీఅడిక్షన్ సెంటర్లో రెండు మూడు నెలలు తాళం వేసి ఉంచి పంపేసినవాళ్లకూ ఇదే గండం. తల్లిదండ్రులు ఇక గట్టెక్కామనుకునే రోజులే అవి. విడుదల రోజున పది నిమిషాలు మాట్లాడి, ఇంట్లో ఒకరికి నలోక్సోన్ ఇవ్వడం నేర్పి పంపితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో తేల్చడానికి ఆ జైలు గేటుకన్నా మంచి చోటు లేదు.

పరిశోధనకు ఓపిక ఎందుకు కావాలో అమెరికా కథ చెబుతుంది. వైద్యానికి గంజాయిని అనుమతించిన రాష్ట్రాల్లో నల్లమందు జాతి మందుల ఓవర్‌డోస్ మరణాలు దాదాపు 25 శాతం తక్కువగా ఉన్నాయని 2014లో ఒక అధ్యయనం వచ్చింది. 1999 నుంచి 2010 దాకా లెక్కలవి. గంజాయే పరిష్కారమన్నట్టు ప్రచారం ఊపందుకుంది, చట్టసభల్లో దాన్ని ఉదాహరించారు. 2019లో మరో బృందం అవే పద్ధతులతో లెక్కను 2017 దాకా పొడిగించింది. ఫలితం తిరగబడింది, ఆ రాష్ట్రాల్లో మరణాలు దాదాపు 23 శాతం ఎక్కువగా కనిపించాయి. గంజాయి వల్లే తగ్గాయనీ, గంజాయి వల్లే పెరిగాయనీ రెండూ చెప్పలేమని, రాష్ట్రం సగటును చూసి మనిషి గురించి తీర్పు చెప్పకూడదని పరిశోధకులే రాశారు. అక్కడ 2022లో ఓవర్‌డోస్ మరణాలు లక్షా ఏడు వేలు దాటాయి. 2024 నాటికి సుమారు 80 వేలకు దిగాయి. నలోక్సోన్ విస్తృతంగా పంచడం ఆ తగ్గుదలకు ఒక కారణమని నిపుణులు చెబుతున్నారు. ప్రతి నెలా ఎన్ని మరణాలో లెక్క కట్టే ఏర్పాటుంది కాబట్టే పెరుగుదలా తగ్గుదలా వాళ్లకు తెలిసింది.

ఇలాంటి పరిశోధన మత్తును ప్రోత్సహించినట్టు కాదా అని పోలీసు అధికారులు, పెద్దమనుషులు నిజాయతీగానే అడుగుతారు. ఊపిరి ఆగినవాడికి ఊపిరి పోయడం ఏ రకంగానూ ప్రోత్సాహం అనిపించుకోదు. బతికితేనే కదా వాడు రేపు మానేది. పైగా చట్టమే ఈ దారి చూపించింది. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరుడికి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తోంది. ఆ సెక్షన్ పేరు బస్తీలో తెలిసినవాళ్లు ఎంతమంది?

ఫెలో దగ్గర మాట్లాడినవాళ్లకు రక్షణ సంగతి మాత్రం ఇంకా తేలాలి. అమెరికాలో 1970 నుంచే మత్తు పరిశోధకులకు గోప్యతా ధ్రువపత్రం ఇస్తున్నారు, కోర్టు అడిగినా పేర్లు బయటపెట్టనక్కర్లేదు. మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాలకు గోప్యత ఇస్తుంది. ఐసీఎంఆర్ నైతిక మార్గదర్శకాలూ ఉన్నాయి. పరిశోధనలో పేరు చెప్పినవాడు రోగి కాకపోతే వాడికి అంత గట్టి అండ లేదు. కాబట్టి ఈ ఫెలోషిప్‌లో పేర్లు, ఫోన్ నంబర్లు అసలు రాసుకోకూడదు. ఫెలో పోలీసు జీపులో బస్తీకి వెళ్లకూడదు. సమాచారం జిల్లా యంత్రాంగానికి అంకెలుగా మాత్రమే చేరాలి. ఈ షరతు మీద రాజీపడితే మొదటి నెలలోనే జనం నోరు మూసేసుకుంటారు.

డబ్బు అడ్డు కాదు. 2023 పెంపు తర్వాత జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37 వేలు, సీనియర్‌కు 42 వేలు. ఏడాదికి జీతం ఐదు లక్షలకు అటూ ఇటూ. ఇంటి అద్దె భత్యం, ప్రయాణాలు, ల్యాబ్ పరీక్షలు, ఇద్దరు క్షేత్ర సహాయకులు కలిపినా ఒక పెద్ద కార్యక్రమపు వేదిక అలంకరణంత ఉండదు. ఖనిజ జిల్లాలకు ఆరోగ్యం మీద ఖర్చుపెట్టడానికి జిల్లా ఖనిజ నిధి ఉండనే ఉంది. టాటాల చరిత్రలో అయితే దీనికి అచ్చమైన పూర్వరంగమే ఉంది. లేడీ మెహర్‌బాయి టాటా 1931లో రక్తకేన్సర్‌తో కన్నుమూస్తే, ఆమె భర్త సర్ దొరాబ్జీ టాటా మరుసటి ఏడాదే ఆమె పేరిట ట్రస్టు పెట్టి ఆ జబ్బు మీద పరిశోధించేవాళ్లకు ప్రపంచవ్యాప్తంగా ఫెలోషిప్‌లు ఏర్పాటు చేశారు. నయం చేసే మందేదీ లేని కాలంలో, ముందు ఆ జబ్బేమిటో తెలుసుకోవాలన్న పట్టుదలతో చేసిన పని అది. 1912లోనే ఎనిమిది గంటల పనిదినం తెచ్చిన కర్మాగారం ఉన్న ఊళ్లో, కార్మికుల పిల్లల ప్రాణాల కోసం అలాంటి ఫెలోషిప్ ఒకటి అడగడం అత్యాశ కాదు.

ఎక్కడ కూర్చోబెట్టాలన్నదీ పెద్ద చిక్కు కాదు. రాంచీలో 1918 నుంచి నడుస్తున్న కేంద్ర మనోవైద్య సంస్థలో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. పర్యవేక్షణ అక్కడి ఆచార్యులు చూడాలి. మనిషి మాత్రం జంషెడ్‌పూర్‌లో, ఎంజీఎం వైద్య కళాశాల కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో ఉండాలి. రాంచీ నుంచి వారానికోసారి వచ్చి వెళ్లే పద్ధతి పనికిరాదు. ఓవర్‌డోస్ కేసులు రాత్రి పూట కూడా వస్తాయి. హిందీతో పాటు సంతాలీ, హో, బెంగాలీ, ఒడియా, తెలుగులో కనీసం ఒకటి ఇంటిభాషగా ఉన్న సహాయకులను తీసుకోవాలి. కొడుకు సంగతి తల్లి పరాయి భాషలో చెప్పుకోలేదు. కద్మాలోని తెలుగు సంఘాలు, బిష్టుపూర్ మందిరం పెద్దలు ఆ సహాయకులకు తలుపు తెరవగలరు. గుండెపోటు అని చెప్పి మూసేసిన ఇళ్లు వాళ్లకే తెలుస్తాయి.

మొదటి ఏడాది చేయాల్సిందేమిటో ఇప్పుడే రాసుకోవచ్చు. గడిచిన ఐదేళ్లలో 15 నుంచి 39 ఏళ్ల మధ్య వయసులో అకస్మాత్తుగా పోయినవాళ్ల పోస్టుమార్టం కాగితాలు, ఫోరెన్సిక్ రిపోర్టులు, ఫారం 4లు మూడూ జతపరచి అసలు కారణం రాసుకోవాలి. నగరంలోని ఆస్పత్రుల అత్యవసర విభాగాలన్నింటిలో ఒకే నమూనా కాగితం పెట్టి ఏ మత్తు, దేనితో కలిపి, ఎన్ని గంటల తర్వాత తెచ్చారు అన్న మూడు ప్రశ్నలు అడగాలి. 108 అంబులెన్సుల్లో 0.4 మిల్లీగ్రాముల నలోక్సోన్ ఆంప్యూళ్లు ఉన్నాయో లేదో బండి బండికీ తనిఖీ చేయాలి. పరీక్షలకు అందిన గంజాయి నమూనాల్లో టీహెచ్‌సీ ఎంతుందో, వాటిలో ఇంకేమైనా కలిపారో చూడాలి. ఘాఘీడీహ్ నుంచి విడుదలయ్యేవాళ్లతో మాట్లాడటానికి జైలు శాఖ అనుమతి తెచ్చుకోవాలి. ఇవన్నీ తూర్పు సింహభూమ్, సరాయికేలా ఖర్సావాఁ జిల్లాల డిప్యూటీ కమిషనర్లిద్దరూ కలిసి ఒక్క ఉత్తర్వు మీద సంతకం పెడితే మొదలయ్యే పనులు.

ఈలోగా ఇంట్లో మత్తుతో సతమతమవుతున్న మనిషి ఉంటే కేంద్ర ప్రభుత్వ నషాముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక సమస్యలకు టెలీమానస్ 14416 ఉచితంగా పనిచేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో మత్తుపదార్థాల నిరోధానికి ఉన్న ఈగల్ పోలీసు విభాగం నంబరు 1972. మనిషి పలకకుండా గురక పెడుతుంటే ఫోన్ చేయాల్సింది వీటికి కాదు, 108కి.